సొంతం

ఫిబ్రవరి ఆఖరి రాత్రి
ఇంజిన్ వేడి చల్లారకముందే
మీటరు మీది అంకెను అరచేతిలో రాసుకుంటుంది
మరెల్డా ప్లాయికీస్:
లక్షా పద్నాలుగు వేల ఆరు వందల రెండు.
తెల్లారితే కొత్త పన్ను సంవత్సరం.
బ్యూఫర్ట్ వెస్ట్‌లో ఆ రాత్రి ఇంకెవరూ దేన్నీ లెక్కపెట్టరు,
చుక్కల్ని కూడా.

ఆ పుస్తకం నా బల్ల మీదకి వచ్చేసరికి జూలై.
కిటికీ అద్దం మీద మంచు పేరుకుంది.
అట్టకి గొర్రెల మందు వాసన,
లోపల నాలుగు రంగుల సిరా,
ఏప్రిల్ నెల మీద గుండ్రంగా
కాఫీ కప్పు అడుగు.

పదకొండేళ్ళుగా ఆమె లెక్కలు నావే.
పదకొండేళ్ళుగా అదే ప్రశ్న:
"నెలకి తొమ్మిది వేల రాండ్లు, కారు కోసమని ఇస్తారు.
కారుకే పోస్తాను.
నేను తిన్నానా, కట్టుకున్నానా?
దాని మీద పన్నేమిటి, ఆబ్రీ?"

ఏ పేరుతో గడప దాటినా
డబ్బుని ముందు జీతమనే పిలుస్తారమ్మా, అంటాను.
నూటికి ఎనభై పాళ్ళు జీతంలో కలిపి
ఆ మొత్తం మీద నెలనెలా కోత.
మిగతా ఇరవై పాళ్ళు
నమ్మకమనుకో, గడువనుకో.
పని మీద ఎంత తిరిగావో ఈ పుస్తకం చెబితే
కోసిందాంట్లో కొంత వెనక్కొస్తుంది.
పుస్తకం లేదా,
ఎంత తిరిగినా తిరగనట్టే.

సరే చదువు, అంటుంది.

ఇంటి నుంచి డిపోకి, తొమ్మిది కిలోమీటర్లు. సొంతం.
"తెల్లారి ఐదింటికి ఎవరి కోసం లేస్తున్నానట?"
చట్టానికి ఆ చెవి లేదు.
డిపో నుంచి లాక్స్‌టన్, నీలి నాలుక టీకాలు, ముప్పై సీసాలు. పని.
చర్చికి. సొంతం.
ఫ్రేజర్‌బర్గ్ దారిలో టైరు పగిలి
నక్కల అరుపులు వింటూ రాత్రంతా కార్లోనే.
పని.
(భయానికి గడి లేదు.)
అక్క కూతురి కాన్పు. సొంతం.

ఆగస్టు పందొమ్మిది.
క్లిప్‌క్రాల్ పొలం, రానూ పోనూ రెండు వందల పద్దెనిమిది.
కారణం గడి ఖాళీ.

ఖాళీగా వదిలితే ఒప్పుకోరు, అన్నాను.
పనేగా? స్కాల్క్ ముసలాయన నీ ఖాతాదారుడేగా?

ఆమె మంచు పట్టిన అద్దం వైపు చూసింది.

ఏడేళ్ళుగా అక్కడ చెప్పుకోదగ్గ వాన లేదు.
మిగిలిన గొర్రెల్ని ఆ సోమవారమే లారీ ఎక్కించాడు.
ఫోను చేసి, ఈసారి మందులు తేవద్దు, అన్నాడట.
అంతకన్నా ఒక్క మాట అనలేదట.

మందులు తీసుకెళ్ళలేదు. వెళ్ళింది.
ఖాళీ దొడ్డి ముందు రెండు పాత కుర్చీలు.
గాలిమర తిరుగుతోంది, గొట్టంలో నీళ్ళు లేవు.
కుక్క ఒక్కటే అలవాటు తప్పక
లేని మందని అదిలించి, చుట్టి,
లోపలికి తోలుకొచ్చింది.
మళ్ళీ వెళ్ళింది.
ఆయన దాన్ని పిలవలేదు.

నేను నోట్లోనే లెక్కేశాను.
పని అని రాస్తే
సుమారు రెండు వందల డెబ్భై రాండ్లు వెనక్కొస్తాయి.
పన్నెండు లీటర్ల పెట్రోలు.
'ఖాతాదారుడి పరామర్శ' అని రాద్దాం, అబద్ధమేం కాదు, అన్నాను.

"కాదు," అంది.
"కానీ పనంటే అమ్మడానికి వెళ్ళినట్టు.
ఆ పూట ఆయన మొహం చూసి
నేనేమీ అమ్మలేదు, ఆబ్రీ."

నా చేతిలోంచి పెన్ను తీసుకుని
కాగితం వెనక్కి అచ్చుపడేలా రాసింది:
సొంతం.

పదకొండేళ్ళలో ఆమె నాతో పోట్లాడి
పన్ను కట్టిన దూరం అదొక్కటే.

పేజీ తిప్పాను.
ఆగస్టు ఇరవై.
డిపో నుంచి మెర్వెవిల్, నీలి నాలుక, పన్నెండు సీసాలు.
పని.