దీపం తిరిగొచ్చే లోపు

కార్తీకమాసం రెండో ఆదివారం
మా పీహెచ్‌సీ స్టాఫంతా కళింగపట్నం వెళ్లాం,
మూడు ఆటోలు, ఒక గంగాళం పులిహోర.

ముందు కుర్చీలాట, తర్వాత తాడులాగుడు:
ఇటు ఫార్మసిస్టు సన్యాసినాయుడి జట్టు,
అటు మా ఆశా వర్కర్లు.
నేను విజిల్ ఊదాను.
విజిల్ ఊదితే ఆటలో చేరినట్టా, కాదా
అని నాలో నేనే తర్జనభర్జన.
అడుగుదామంటే మా పెద్దాయన గుంటూరు అవతల.
ఫోనెత్తితే ముందు మిరప ధర చెప్పాలి.

ఆ తర్వాత అందరూ నీళ్లలోకి.
చుడీదార్లు ఉబ్బి గొడుగులయ్యాయి.
ఎవరు ఎవరిమీద చల్లుతున్నారో
అలకే తెలియాలి.
"యాయేలూ, సముద్రానికి ఆడా మగా ఏంటమ్మా?"
డాక్టరుగారు మోకాలిలోతులోంచి కేకేశారు.
నేను చెప్పులకి కాపలా:
ఇరవై మూడు జతలు, ఒక ఒంటి చెప్పు.

"మీకు మడా?" అంది ల్యాబ్ పైడిరత్నం, పైట పిండుకుంటూ.
కాదు.
"మరి ముస్లిములా?"
కాదు.
"క్రిస్టియన్లకి ఇవన్నీ ఉండవే!"
వాళ్లమూ కాదన్నాను.
ఇంకేం మిగిలిందా అని వేళ్లు చూసుకుంది.
యూదులం అంటే "ఓహో" అంది,
ఆగని బండి కిటికీలోంచి
స్టేషను పేరు చదివినట్టు.

ఆమె అడగని ప్రశ్న ఒకటుంది,
పదకొండేళ్లుగా నన్ను నేనే అడుగుతున్నాను.
తెల్లారిలేస్తే ఎందరు మగాళ్ల తుంటికి సూది గుచ్చను?
సాయంత్రం బంతి విసిరితే వచ్చిందా తప్పు?
పనిలో ఉన్న చెయ్యి పనినే చూస్తుందంటారు మా పెద్దలు.
ఆటలో చెయ్యి ఖాళీ.
ఖాళీ చేతికి కళ్లొస్తాయి.
సగం నమ్ముతాను.
మిగతా సగం అలవాటు.

ఆటోలు వెళ్లిపోయాయి. నేను ఉండిపోయాను,
సూరాడ దానమ్మని చూసొస్తానని చెప్పి.
ఆవిడ కోడలి రెండు కాన్పులూ నా చేతుల మీదే.
అసలు సంగతి వేరు:
నా ఏడు రోజుల లెక్క ఆ పొద్దుతో తీరింది.
ఇది ఎవరికీ చెప్పకూడనిది.
రాయవచ్చో లేదో
అదీ పెద్దాయన్నే అడగాలి.

గోళ్లు తీసుకున్నాను. మెట్టెలు, గాజులు,
చెవి పోగులు దానమ్మ కొంగులో మూటకట్టింది.
చిక్కు తీసిన జుట్టు, చీర లేని ఒళ్లు.
నీటికీ నాకూ మధ్య దారప్పోగైనా ఉండకూడదు,
పాదానికంటిన చేప పొలుసుతో సహా.

పగలు చీర కుచ్చిళ్లు తడవనివ్వని సముద్రం
ఇదే.

సరుగుడు తోట మీద మూడో చుక్క పొడిచింది.
చూసేందుకు మా మనిషే ఉండాలని నియమం.
నూట యాభై కోసుల్లో మా మనిషెవరు?
దానమ్మ ఉంది.
వల లాగే కుర్రాళ్లని ఎప్పుడో తరిమేసింది:
"ఇటు రాకండొలే, ఆడోలున్నారు!"

ఒక్క లైట్‌హౌస్‌ని తరమలేకపోయింది.
అది తిరుగుతూనే ఉంది, తెల్లటి కన్ను,
ఇసక మీద, నురగ మీద, నా వీపు మీద.
"దీపం తిరిగొస్తంది, బేగి మునుగమ్మా!"
మునిగాను.
"జుట్టు తేల్తంది. మల్లీ!"
మళ్లీ.
నీళ్లలో కళ్లు తెరిస్తే
తలపైన వెలుగు ఒకటి దాటిపోయింది,
ఏమీ దొరకలేదు దానికి.
"అయిపోనాది," అని అరిచింది దానమ్మ.
ఆ మాటకి మా భాషలో వేరే మాటుంది.
ఆ రాత్రికి ఇదే చెల్లింది.

ఆఖరి బస్సులో సిక్కోలు వెళ్లేసరికి
ఆషేరు అన్నం తినకుండా కూర్చున్నాడు.
ఎక్కడికెళ్లావని అడగలేదు.

సోమవారం ఓపీ దగ్గర
పైడిరత్నం నా చెవి వెనక వేలితో రాసి చూసుకుంది:
"నిన్న నీళ్లలో దిగనేలేదు కదా,
ఈ ఇసకేంటే?"

తర్వాతి పేషెంటుని పిలిచాను.