పురుగు చచ్చాక

మరోవో లగూన్ చివరి ఊళ్ళో
గజ్జిని కస్కస్ అంటారు.
రాత్రి ఆకు కప్పుల కింద
అందరూ నిద్రపోయారనుకున్నాక
ఇంటింటి నుంచీ వచ్చే చప్పుడే
దానికి పేరయింది.

మూడు గంటలు మోటారు పడవ.
నా ఒళ్ళో తూకం మిషను, కాళ్ళ దగ్గర మందుల పెట్టె,
తడవకుండా ప్లాస్టిక్‌లో చుట్టిన రిజిస్టరు.
నర్సుగా ఇది నాకు పద్నాలుగో ఏడు.

మొదట్లో సీసాల్లో తెల్ల మందు తెచ్చేదాన్ని.
పూస్తే పుళ్ళ మీద నిప్పు.
నా పడవ కనబడగానే పిల్లలు నీళ్ళలోకి దూకేవాళ్ళు,
ఆ మంట కన్నా సముద్రపు ఉప్పే నయమని.
పురుగుని చంపే మందే అది,
ఒంటి మీద నిలవనిస్తేగా.

తర్వాత ట్యూబుల్లో క్రీము వచ్చింది.
అంత మంట లేదు గాని ఓపిక కావాలి:
మెడ నుంచి అరికాలి దాకా,
వేళ్ళ సందులు, గోళ్ళ అంచులు, బొడ్డు గుంట,
ఎవరూ ఎవరికీ చూపించని మడతలు.
తెల్లారేదాకా కడగకూడదు.

తొమ్మిది మంది ఒకే చాప మీద పడుకునే ఇంటికి
ఒకే ట్యూబు ఇచ్చి, ఒక్కడికే రాయమని పంపాను ఓసారి.
నెల తిరక్కుండా వాడు గోక్కుంటూ వచ్చాడు.
'మందు పని చెయ్యలేదు' అని రాశాను రిజిస్టర్లో.
వాడి పేరు జినో.
గోకిన చోట చీము పట్టింది,
తర్వాత ముఖం ఉబ్బింది,
మూత్రం డికాషన్ రంగుకి తిరిగింది.
గీజో ఆసుపత్రికి పడవ ఎక్కించాం.
తిరిగొచ్చాడు. అందరూ తిరిగిరారు.

మందు పని చేసింది.
చాప మీది మిగతా ఎనిమిది మందిని
లెక్కపెట్టంది నేను.

ఈసారి బిళ్ళలు. ఊరంతటికీ ఒకటే రోజు.
పడవలు చెక్కే తొజాకా తూకం ఎక్కనన్నాడు.
"నాకు దురదే లేదు, నాకెందుకు?"
దురద లేని ఒంట్లో కూడా నెల రోజులు
చడీచప్పుడూ లేకుండా కాపురం చేస్తుందది, అన్నాను.
కాసేపు ఆలోచించి, చెక్క తొలిచే పురుగు గురించి చెప్పాడు.
పడవకి తెలిసేసరికి లోపల నీళ్ళుంటాయట.
బిళ్ళలు మింగి నీళ్ళు కూడా అడగలేదు.

లవెలిన్‌కి ఆరో నెల. ఆమెకి బిళ్ళ లేదు.
ఎందుకు లేదంది.
చెడు చేస్తుందని రుజువు లేదు,
చెయ్యదని చెప్పేంత రుజువూ లేదు.
ఇది ఎలా చెప్పాలో నాకే బడిలోనూ నేర్పలేదు.
తెలీదు, అన్నాను. అందుకే క్రీము.
నాకు తెలుసు అన్న రోజుల్లో కన్నా
ఎక్కువ నమ్మింది.

దాని కూతురు మెలినా పదమూడు కిలోలు.
పదిహేనుండాలి.
తూకం మీద బుగ్గలు పూరించి నిలబడింది,
గాలికైనా ముల్లు కదుల్తుందేమోనని.
అన్నల నోళ్ళలో బిళ్ళలు చూసి
కోపంగా దిగిపోయింది.

వారం తర్వాత మళ్ళీ వెళ్ళాను.
గుడ్లు మొదటిసారి చెప్పిన మాట వినవు.
మూడోసారి వెళ్ళేసరికి ఒడ్డున జనం:
ఇంకా దురదే, ఇంకా మందియ్యి.
చింత చచ్చినా పులుపు చావదంటారే, అదే ఇది.
పురుగు పోయిన వార్త
చర్మానికి ఆలస్యంగా అందుతుంది.
మళ్ళీ మళ్ళీ పూస్తే ఒరుసుకుపోయేది మీ ఒళ్ళే, అన్నాను.
ఆగమని చెప్పడానికి ట్యూబు ఉండదు, బిళ్ళ ఉండదు.
ఒట్టి చేతులతో చెప్పాలి.
కొందరు తిట్టుకుంటూ వెళ్ళిపోయారు.

నాలుగో నెలలో ఒక రాత్రి ఆ ఊళ్ళోనే ఉండిపోయాను.
అలలు, కప్పల మోత,
ఎవరింట్లోనో పసిపిల్ల పాల కోసం ఏడుపు,
లవెలిన్ ఇల్లే అయుంటుంది.
చాలాసేపు చెవులు రిక్కించి పడుకున్నాను.
ఎక్కడో ఒకచోట వినబడింది కస్కస్.
లేచి కూచున్నాను, ఏ ఇల్లో గుర్తుపడదామని.

నా చెయ్యే.
పురుగు లేదు, పుండు లేదు.
జినో పేరు పక్కన నేను రాసిన ఆ వాక్యాన్ని
చీకట్లో, నిద్రలో,
ఇంకా గోకుతోంది.