ఆరు

ఇక్కడి చలికాలపు ముసురుకి చిపెరోని అని పేరు.
మూడు రోజులుగా బ్లాంటైర్ కొండలు కనబడటం లేదు.
రాత్రి కరెంటు రెండుసార్లు పోయింది. రెండుసార్లూ
జనరేటరు దగ్గి, గొంతు సవరించుకుని, అందుకుంది.

తియంజానె గొడుగు మూలకి ఆనించి
మోచేతుల దాకా చేతులు కడుక్కుంటుంది.
ఇంక్యుబేటరు తలుపు తీస్తే
బాలింత గదిలోంచి వచ్చినట్టు వెచ్చటి గాలి,
కొంచెం పులిసిన వాసన.

ఏడో మంచం బిడ్డది ఈ పళ్లెం.
అరచేతిలో ఇమిడేంత.
రాత్రికి రాత్రే నారుమడిలా ఒత్తుగా
అంచు నుంచి అంచుకి మొలిచింది బాక్టీరియా.
మధ్యలో ఆరు బిళ్లలు, ఒక్కోటి ఒక్కో మందు.
మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ
ఏదీ మొలవని గుండ్రటి జాగా మిగలాలి.
ఆ జాగాని ఆమె స్కేలు పెట్టి కొలుస్తుంది.

మొదటి బిళ్ల, ఆరు.
రెండోది, ఆరు.
బిళ్ల వెడల్పే ఆరు మిల్లీమీటర్లు.
మొలకలు దాని గోడకి చెంప ఆనించి పడుకున్నాయి.
ఇక్కడ సున్నా అని రాయకూడదు,
సున్నాని ఆరు అని రాయాలి.
మూడోదీ ఆరు. నాలుగోదీ.
పదే పదే అనుకుంటే అది అంకెలా వినబడదు,
ఎవరో దీపం పక్కన కూర్చుని
మెల్లిగా దానికే చెబుతున్నట్టుంటుంది.
ఆరు. ఆరు.

మొదటి రోజు బిడ్డ నెత్తురు సీసాలో.
రెండో రోజు గొర్రె నెత్తురు కలిపిన ఎర్ర పళ్లెంలో.
మూడో రోజుకి గానీ బిళ్లల దాకా రాదు.
ల్యాబు వెనక దడిలో ఐదు గొర్రెలు.
బంబో నఖుమ్వ మంగళవారం మంగళవారం
ఒకదాని మెడ నిమురుతూ, సూది దిగేదాకా
చెవిలో ఏదో చెబుతుంటాడు.
పెద్దదాని పేరు ఫుంబీ, అంటే దుమ్ము.
దానికి యాంటిబయాటిక్ ఒక్క చుక్క పడకూడదు.
పోయిన వానల్లో గిట్ట చీము పట్టినా
ఉప్పునీళ్లతో కడిగి కడిగి మాన్పాడు.
సంతలో మాత్రం ఎర్ర పసుపు గొట్టాలు
టమాటాల పక్కన, రెండేసి, మూడేసి, విడిగా.
ఎలూబీ కూడా కొన్నది, కడుపుతో ఉన్నప్పుడు,
దగ్గుకి. ఎవరు కొనలేదు గనక.

ఆమె ఇప్పుడు కిటికీ అవతల నిలబడి ఉంది.
వీపున బిడ్డని కట్టుకోవాల్సిన చిటెంజె గుడ్డ
మడతలు విప్పకుండా చంకలో.
ఏ మందు అని అడగదు.
దొరుకుతుందా అంటుంది.

ఐదో బిళ్ల, ఆరు.
ఆరో బిళ్ల
పంతొమ్మిది.
స్కేలు తుడిచి మళ్లీ కొలిచింది.
పంతొమ్మిదే.

వార్డుకి ఫోను. వార్డు నుంచి స్టోరుకి.
నాలుగు సీసాలున్నాయట, కావలసినవి పద్నాలుగు.
జోంబాలో అడుగుతానన్నాడు స్టోరు జుమానీ,
మినీబస్సు డ్రైవరు తెలిసినవాడే,
ఎండుచేపల బుట్ట కింద ఐసు పెట్టి తెస్తాడు.

ఆ ఎదురుచూపులో ఆమె పాత రిజిస్టరు తిరగేసింది.
అవే మందులు. ఇరవైనాలుగు. ఇరవైరెండు. ఇరవైఆరు.
ఎవరి చేతిరాతో, గుండ్రంగా, తీరిగ్గా,
ఒక్క కొట్టివేత లేదు.

ఏడో మంచం బిడ్డకి ఇంకా పేరు పెట్టలేదు.
దాని నెత్తుట్లో దొరికిన జీవికి మూడు పేర్లు.
ఒకటి లాటిన్‌లో, ఒకటి అంకెల్లో,
ఒకటి ఫ్రీజరులో దానికిచ్చిన గడిది.
తియంజానె దాన్ని బుల్లి సీసాలోకి ఎత్తి,
మూత బిగించి, సున్నాకి ఎనభై డిగ్రీల కింద దాచింది.
ఏం జరిగినా అది మటుకు ఉంటుంది.

బయట ఏ మినీబస్సు ఆగినా ఎలూబీ తల తిప్పుతోంది.
దడిలో ఫుంబీ ఒళ్లు విదిల్చి తడి చిమ్మింది.
రేపు మంగళవారం.