దూలం

ఫర్వానియా ఆసుపత్రి, సాయంత్రం చివరి పేషెంటు.
"తల కదిలించాకు" అన్నాను.
యంత్రం లోపలి నుంచే చాంద్‌పీరా
"మీది రాయచోటి పక్కనా, అన్నా?"
మళ్ళీ మొదటినుంచి తీశాను.

ముబారకియాలో ఊదు అమ్ముతాడు.
ఆరు నెలలుగా ఏ అత్తరేదో
సీసా రంగు చూసి చెబుతున్నాడట.
కఫీలుకు తెలీదు.
రుమాల్లో నెత్తుటి పెచ్చులు రాలితే
దుమ్ముగాలి అనుకున్నాడు.

తెర మీద అతని ముఖం పొరలు పొరలుగా జారుతోంది.
గాలి నల్లగా ఉండాల్సిన చోట బూడిదరంగు,
మధ్యగోడ ఉండాల్సిన చోట
గాలి.
కాపలా కాయాల్సిన నెత్తురే
ముక్కుదూలం కొరుక్కు తింటోంది.

రిపోర్టు రాసేది నేను కాదు.

బల్ల దిగి మణికట్టు చాపాడు,
"పొద్దున పూసుకున్నా. అస్సాందా, కంబోడియాదా?"

మాస్కు దించాను.
నాకేం తెలుసు ఊదు గురించి.
"అస్సాం" అన్నాను.