ముప్పై ఒకటో పేజీలో గేటు

ఎండాకాలం సెలవులకి బడివాళ్లు ఇచ్చిన చీటీలో
మూడు ఇంగ్లీషు పుస్తకాల పేర్లుండాయి.
ఒకటైనా చదవాల. జూన్ ఒకటికల్లా
నాలుగు పేజీలు రాసి గ్లోరియా మిస్సుకియ్యాల.
అవెన్యూ రోడ్డులో, పాత పుస్తకాల కుప్పలో
అరవై రూపాయలకి దొరికింది ఒకటి.
అట్ట లేదు. మొదటి పేజీలో ఎవరో
పాల లెక్క రాసుకున్నారు.

మా గదిలో ఒకటే బల్బు.
చిన్నోడికి వెలుతురుంటే నిద్ర పట్టదు.
అందుకని హంసవేణి రాత్రి పదకొండు దాకా
గేటు కాడ నా కేబిన్‌లోనే కూచోని చదవతాది.
హూడిలో మా అపార్ట్‌మెంటుకి నిద్రుండదు.
బిర్యానీ తెచ్చే పిల్లోళ్లు, ఎయిర్‌పోర్టు టాక్సీలు,
ఆరొందల నాలుగో ఫ్లాటువాళ్ల కుక్కని తిప్పే అబ్బాయి.
కమ్మీ ఎత్తతా, దించతా,
మధ్యలో అడగతా: యాడిదాకా వచ్చింది కథ?

"పెద్ద బంగళా, నాయనా. యాడ చూసినా మంచు.
అర్ధరాత్రి ఒకామె గుర్రబ్బండిలో వస్తాది.
ఒక ముసలాయన లాంతరు పట్టుకోనొచ్చి గేటు తీస్తాడు.
బండి లోపలికి పోతాది. లోపల ఆమె..."
"ఆమె సంగతి ఉండనీ. ముసలాయన?"
"ఏ ముసలాయన?"

అదీ మా తగువు, మే నెలంతా.

ఆమెకి ఆస్తొచ్చింది. ఇద్దరు మగోళ్లు మాటామాటా అనుకున్నారు.
ఒక ఉత్తరం రెండొందల పేజీలు ఆలస్యంగా చేరింది.
అన్నీ విన్నా. విని మళ్లీ అడిగినా:
ఆయన అన్నం తిన్నాడా?
ఆ చలికి కంబళన్నా ఇచ్చినారా?
బండి ఎప్పుడొస్తాదో ముందే చెప్పినారా, లేకుంటే
సాయంత్రం నుంచీ అట్లే నిలబడినాడా?
"పుస్తకంలో లేదు నాయనా!"
"లేకపోతే ఎట్ల? గేటు తీసినోడు మూయల్ల గదా. మూసినాడా?"

ఆ పొద్దు వాన. కేబిన్ రేకు మీద ఒకటే చప్పుడు.
పాప వెనక్కి తిప్పి, ముప్పై ఒకటో పేజీలో
వేలు పెట్టి, వరస వరసా చూసింది.
తీసినట్టు ఉంది.
మూసినట్టు లేదు.

పగలు డ్యూటీ బిపుల్‌కి నాకొచ్చిన హిందీలో కథంతా చెప్పినా.
వాడు అడిగింది ఒకటే:
లాంతర్లో కిరసనాయిలు ఎవరి ఖర్చు?

ఆఖరి రాత్రి రాయను కూచుంది.
మూడు పేజీలు గబగబా నింపి, పెన్ను మూత కొరకతా
నా పక్క చూడకుండానే అడిగింది:
"అంతసేపు నిలబడితే యాడ నొప్పి పుడతాది నాయనా?"
"మొదట మడమలు. తర్వాత నడుము.
మూడు దాటినాక ఏమీ తెల్దు."
అది ఇంగ్లీషులో ఎట్ల రాసిందో నాకు తెల్దు.
నాకొచ్చిన ఇంగ్లీషు, బండి నంబర్లూ ఫ్లాటు నంబర్లూ.
పదికి ఆరు వచ్చినాయి.
కింద ఎర్ర సిరాతో మిస్సు ఏదో అడిగింది,
పాప నాకు చదివి చెప్పలా.

ఆ ఆఖరి రాత్రే, పాప పోయి పడుకున్నాక,
విజిటర్ల రిజిస్టర్లో ఒక వరస ఖాళీగా కనిపించింది.
పేరు: ఒకామె.
బండి: రెండు గుర్రాలు.
ఎవరింటికి: బంగళా.
వచ్చిన టైము: పన్నెండు.
సెక్యూరిటీ సంతకం కాడ ముసలాయన పేరు రాయల్ల.
తెల్దు గదా, నా పేరే పెట్టినా.

నెల తిరిగినాక లెక్క చూసుకుంటా
సెక్రటరీ పొన్నప్ప సారు ఆ వరస కాడ ఆగినాడు.
కన్నడ అక్షరాల పోలికతో కూడబలుక్కోని చదివినాడు.
"గుర్రాలేంటి? ఎవరొచ్చినారు? కెమెరాలో ఉందా?"
ఏం చెప్పేది?
చేతులు కట్టుకోని, ఉన్నదే చెప్పినా:
"బయటికి పోయిన టైము ఇంకా పడలేదు సార్."