బువ్వ

జహ్రాకు వచ్చిన కొత్తల్లో నాకు దొరికిన మాటలన్నీ
అదిలింపులే.
జీబీ: తే. నద్దిఫీ: తుడువు. యల్లా: ఇంకా ఈడే ఉండావా.
ఇంటామెను మామా అని పిలవాలంట.
మా రాయచోటి పక్క మామ అంటే మీసాలుంటాయి,
పిలిచినప్పుడల్లా లోపల్లోపల నవ్వుకుంటి.
పదకొండు నెలలకు గూడా
"నాకు కావాల" అనేది ఎట్లనో తెలీదు.
ఆ మాట నాకెవురూ చెప్పలా,
చెప్పే పని వాళ్ళకేముంది?

ఫవాజు నా చంకలోకి వచ్చేటప్పటికి నలభై దినాల పిల్లోడు.
వాడితో ఏ బాస మాట్లాడాలో ఎవురూ చెప్పలేదు గాబట్టి
నాకొచ్చిందే మాట్లాడినా.
నీళ్ళు పోస్తా, కాళ్ళు సాగదీస్తా,
"సచ్చినోడా, నా బంగారు సచ్చినోడా" అని.
వాడు నా నోటికల్లే చూసేవాడు.
వేళ్ళు పెట్టి, పండ్లు తడిమి, నాలిక పట్టుకొని లాగి
మాట యాడినుంచి వస్తాదో
వెతికేవాడు.

ఏడాది నిండిన వారానికి, ఒక మధ్యాన్నం,
బయట దుమ్ముగాలి, లోపల ఏసీ గురక,
వాడు "బువ్వ" అన్నాడు.

మామా పరిగెత్తుకొచ్చింది. కొడుకు తొలిమాట.
ఫోను వాడి నోటికాడ పెట్టింది.
దానికి నూరు బాసలొచ్చంట, తెలుగు గూడా.
"బువ్వ."
అది రవ్వంత ఆలోచన చేసి చెప్పింది: వర్దా.
పువ్వు.

సాయంత్రానికి గులాబీలొచ్చినాయి, రెండు చేతుల నిండా.
వాడొక రేకు చించి, నోట్లో పెట్టుకొని, నమిలి,
నాకల్లి చూసినాడు
ఇదేం బువ్వే అన్నట్టు.

"ఐష్, మామా" అంటి మెల్లగా. "అన్నం అడుగుతాండాడు."
ఆమె మొగాన ఏం కదిలిందో
ఆ నూరు బాసల్లో యాడా లేదు.
కింద కూర్చొని తన చేత్తో ముద్ద చేసింది.
"బువ్వ" అని కూడబలుక్కునింది,
మొదటిసారి నడిచేటోళ్ళ మాదిరి.

మాట్లాడను వచ్చినాక వాడు నేల తన్ని అరిచేవాడు:
అబీ! అబీ! కావాల, కావాల!
నాకా మాట నేర్పింది వాడే.
రెండేండ్లు దాన్ని నోట్లోనే నానబెట్టి
ఒకనాడు, గిన్నెలు కడుగుతా, అనేసినా:
అబీ అరూహ్.
పోవాల. నా ఊరికి.
నా గొంతు నాకే కొత్తగా ఉన్నింది.

పోయొచ్చినా. ఇప్పుడు వాడు బడికి పోతాండాడు,
బువ్వ మర్చిపోయినాడు.
మామా పాత ఫోను నాకే ఇచ్చింది.
మొన్న ఊరికే, దాని ముందర "బువ్వ" అంటి.
ఈసారి సరిగ్గా చెప్పింది.
ఎవురో నేర్పినట్టుండారు, ఏ రెడ్డెమ్మో, యాడనో.
ఆకలైనోడు మర్చిపోయినాడు,
కడుపు లేనిదానికి గుర్తుండాది.

రాత్రి చార్జింగ్ అయిపోయి కుయ్యిమనింది.
వైరు దాని మూతికాడికి తెస్తా,
అలవాటు కొద్దీ,
"ఆ... అను" అన్నా.