వదిలేసిన వంతు

గుణుపురంలో వానాకాలం రాత్రి తొమ్మిదింటికి
కరెంటు ఉందంటే ఉంది, లేదంటే లేదు.
ఇనుప సామాన్ల కొట్టు మీది గదిలో
నేనూ, నేను రాసిన చదరంగం ప్రోగ్రామూ,
స్టూలు మీద చెక్క బల్లా,
బల్లకవతల పొట్నూరు దండాసి.

చిన్న రైలు నడిచే రోజుల్లో గేటు వేసినవాడు.
పెద్ద పట్టాలు పడ్డాక గేటు పోయింది, ఉద్యోగం తీరింది.
ఇప్పుడు ఒడిలో వక్కల మూట, చేతిలో అడకత్తెర,
నా మిషన్‌ని ఓడించడం అతని డ్యూటీ.

మిషన్‌కి నేను నేర్పిన యుక్తి ఇదీ:
ప్రతి కొమ్మా చివరిదాకా ఎక్కితే తెల్లారిపోతుంది.
అందుకని కొమ్మ మొదట్లోనే ఆగి
తనకు తాను ఒక అబద్ధం చెప్పుకోమన్నాను.
నా వంతు వదిలేశాననుకో,
ఎదుటివాడు వరసగా రెండెత్తులు వేశాడనుకో,
అప్పటికీ నాదే పైచేయి అయితే
ఈ కొమ్మతో పని లేదు, నరికెయ్.
చేతులు కట్టుకు కూచున్నా గెలిచేవాడు
చెయ్యి కదిపితే గెలవడా?

నూటికి తొంభైతొమ్మిది సార్లు
ఈ అబద్ధం నిజమే చెబుతుంది.
ఏనుగులూ గుర్రాలూ తిరిగేచోట
చెయ్యడానికి ఏదో ఒక పని దొరక్కపోదు.

ఆ రాత్రి బల్ల మీద మిగిలింది నాలుగే కాయలు.
రెండు బంట్లు, ముక్కుకి ముక్కు ఆనించి.
ఇద్దరు రాజులు, ఒక్కొక్కడూ
పగవాడి బంటు పక్కనే నిలబడి
తన బంటుని ఏటవాలుగా కాస్తూ.
కదిలితే కాపలా పోతుంది.
ఎవరి వంతైతే వాడు చచ్చాడు.

మిషన్ ఆరెత్తుల ముందే ఆ చోటు చూసింది.
చూసి, అలవాటుగా,
వంతు వదిలేస్తే? అనుకుంది.
వదిలేస్తే దండాసి కదలాలి,
కదిలితే దండాసి బంటు పోవాలి.
క్షేమం, అని గుర్తు పెట్టుకుని
మిగతాది చూడకుండా నరికేసింది.
ఆరెత్తులు నడిచి, తీరా,
తన వంతుతో అక్కడికే వచ్చి నిలబడింది.

దండాసి నవ్వలేదు.
అడకత్తెర దవడల మధ్య వక్క పెట్టి,
నొక్కకుండా, నాకు చూపించాడు.
"ఏటి బాబూ, ఆగితే బాగున్నని తెల్సు దీనికి.
ఆగనివ్వరని తెల్దు."

జర్మన్ వాళ్ళు దీనికో పేరు పెట్టారు,
పలకబోతే నాలుక మడతపడుతుంది.
చెప్పబోయి ఊరుకున్నాను.
పేరు అతని చేతిలోనే ఉంది.

అతను వెళ్ళాక కూచుని రాశాను:
రాజూ బంట్లూ తప్ప ఇంకేమీ మిగలనప్పుడు
వదిలేసినట్టు ఊహించుకోవద్దు.
మిగతా చోట్ల ఊహించుకో,
గెలిచాననిపిస్తే మాత్రం వెంటనే నమ్మకు.
లోతు కాస్త తగ్గించుకుని అయినా సరే
నిజంగా కదిలి ఒకసారి సరిచూసుకో.
ప్రోగ్రాము నెమ్మదించింది. నెమ్మదించనీ.

సొరుగులో బరంపురం బదిలీ కాగితం ఉంది.
శుక్రవారంలోగా ఔనో కాదో రాసివ్వాలి.
మూడు వారాలుగా దాని మీద టేపు, స్టాప్లరు పెడుతున్నాను.

మర్నాడు మళ్ళీ ఆట.
మళ్ళీ కాయలు రాలి, బంట్లు మిగిలి,
మిషన్ ఈసారి ఆలోచిస్తోంది, ఆలోచిస్తోంది,
ఫ్యాన్ గుర్రుమంటోంది.
అంతలో కరెంటు పోయింది.

వంశధార వైపునుంచి వాన రేకుల మీదికొచ్చింది.
"ఎవులి వంతు?" చీకట్లో దండాసి.
"దానిదే."
"మరైతే ఉండనీ. నానాడను."

ఇద్దరం అలాగే కూచున్నాం.
బల్ల మీద రాజులెక్కడున్నారో కనపడదు,
ఉన్నచోటే ఉన్నారని తెలుసు.
చాలాసేపటికి
టక్కున వక్క తెగిన చప్పుడు.